పెట్టె అడుగున రాణి రూపాయి



పునీత లూకాగారి సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇల్లాలి కథ మీకందరికీ తెలిసినదే. ఆమెకు పది వెండి నాణేలు ఉన్నవి. ఒకటి పోయింది. దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా వెదకింది. దొరికిన తరువాత ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలిచి తన సంతోషం చెప్పుకొన్నది. దారి తప్పిన పాపి తిరిగి వచ్చినప్పుడు పరలోకంలో కలిగే ఆనందాన్ని గురించి ఈ ఉపమానం చెప్పబడిందని ఎన్నో ప్రసంగాలలో విన్నాం. ఈ వారం మాత్రం ఆ నాణెం దగ్గరే కాసేపు ఆగుదాం. ద్రాక్మా అనే ఆ వెండి బిళ్ళ ఆ రోజుల్లో కూలివాని ఒక దినపు కూలి. ఆ ఇల్లాలికి తన దగ్గర ఎన్ని ఉన్నవో తెలుసు, ఏది పోయిందో తెలుసు. మన ఇళ్ళలో పెట్టె అడుగున ఏమున్నదో మనలో ఎందరికి తెలుసు?

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట మెరక పల్లెల్లో మిర్చి, పత్తి పండించుకొనే కుటుంబాలలో ట్రంకుపెట్టె అడుగున, పాత పట్టుచీర మడతలో, నాలుగైదు వెండి రూపాయలు ఉండే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నవి. అమ్మమ్మ మెడలోని దండ నుండి ఊడినవి కొన్ని, కట్నంగా వచ్చినవి కొన్ని. రాణి బొమ్మ ఉంటే రాణి రూపాయి, రాజు బొమ్మ ఉంటే రాజు రూపాయి. అరిగి అరిగి రాణిగారి ముక్కు కూడా కనిపించదు. కొన్ని ఇళ్ళలో చార్మినారు బొమ్మ రూపాయి కూడా కనబడితే ఆశ్చర్యం లేదు. మన పక్కనున్న పరిటాల దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి నైజాం ఏలుబడిలోనిదే కదా. నైజాంవారి హాలీ సిక్కా, కుంఫిణీ రూపాయి ఈ పల్లెల సంతల్లో పక్కపక్కనే తిరిగినవి.

ఈ బిళ్ళలన్నీ మన కంటికి ఒక్కటే. తెలిసినవాని కంటికి కావు. 1835లో ఈస్టిండియా కుంఫిణీవారు తమ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి తెచ్చారు. తూకం 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. దాని మీద విలియం రాజుగారి తల. మెడ కోసినచోట కొన్నింటి మీద ఎఫ్ అనే అక్షరం ఉబ్బెత్తుగా ఉంటుంది, కొన్నింటిలో లోపలికి చెక్కి ఉంటుంది, కొన్నింటి మీద ఆర్.ఎస్. అని ఉంటుంది, కొన్నింటి మీద ఏమీ ఉండదు. ఎఫ్ అంటే కలకత్తా టంకశాల చూసిన ఫోర్బ్స్ దొర, ఆర్.ఎస్. అంటే రాబర్ట్ సాండర్స్ దొర. 1840 నాటి విక్టోరియా రూపాయి మీద రాణిపేరు కొన్ని అచ్చులలో తల చుట్టూ తెగకుండా సాగుతుంది, కొన్నింటిలో తలకు రెండు పక్కలా విడిపోతుంది. 1862 రూపాయి మరీ విచిత్రం. 1874 వరకు కొట్టిన రూపాయలన్నింటి మీద అదే 1862 అంకె వేశారు. అసలు ఏ యేడు కొట్టిందో తెలుసుకోవడానికి వెనుకవైపు ఉన్న చిన్న చిన్న చుక్కలే ఆధారం. చార్మినారు రూపాయి సంగతీ ఇంతే. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అరబ్బీ అక్షరం ద్వారం మధ్య ఉంటుంది. ఆయన తొలి యేళ్ళ నాణేలలో ఆ అక్షరం పొట్టిగా ఉంటుంది, తరువాతివాటిలో నిండుగా ఉంటుంది.

1911 నాటి ఐదవ జార్జి రూపాయి కథ చెప్పకుండా ఉండలేను. రాజుగారి అంగీ మీద చెక్కిన ఏనుగు బొమ్మ ప్రజల కంటికి పందిలా కనిపించింది. ముస్లిం సోదరులు నొచ్చుకొన్నారు. సుమారు 94 లక్షల బిళ్ళలు కొట్టి, 7 లక్షలు మాత్రమే బయటికి వదలి, మిగిలినవి కరగించివేశారు. మరుసటి యేడు ఏనుగుకు తొండం సరిగా చెక్కారు. ఒక తొండం కోసం అంత వెండి తిరిగి కొలిమిలో పడింది!

అచ్చులోని ఇటువంటి భేదాలను వెదికే పని లోకమంతటా ఉన్నది. అమెరికాలో 1794 నుండి 1836 వరకు కొట్టిన వెండి అర్ధడాలర్ల అచ్చుల మీద నక్షత్రాలు, అంకెలు, అక్షరాలు మనిషి చేతితో ఒక్కొక్కటిగా దిగగొట్టేవాడు. అందుచేత ఏ రెండు అచ్చులూ సరిగ్గా ఒక్కటి కావు. ఆల్ ఓవర్టన్ అనే ఆయన వాటన్నింటికీ వరుస సంఖ్యలు వేసి 1967లో పుస్తకం తెచ్చారు. ఎంత అరిగిన బిళ్ళ అయినా, ఒక నక్షత్రం ఎటు ఒరిగిందో చూసి ఏ అచ్చులోదో చెప్పగలవారు అక్కడ ఉన్నారు. మామూలు నాణేల గుట్టలో నుండి, అమ్మేవానికి తెలియకుండా, అరుదైనదాన్ని మామూలు ధరకు ఏరుకొని రావడం వారిలో చాలామందికి గొప్ప సంతోషం.

మన సంగతి ఇక్కడే మొదలవుతుంది.

ఒక యువకుడు నాణేల గురించి చదివి, నేర్చుకొని, పల్లెలు తిరిగి పాత వెండి కొంటున్నాడని అనుకుందాం. ఒక వితంతువు తల్లి కొడుకు ఫీజు కోసం ఐదు రూపాయలు బయటికి తీసింది. ‘పాత వెండి నాయనా, తూకం వేసి ఇవ్వు’ అన్నది. అందులో ఒకటి వెండి ధరకు ఎన్నో రెట్లు పలికే అచ్చు అని అతడు చూశాడు. నోరు మెదపకుండా తూకం వేసి, డబ్బిచ్చి, వెళ్ళిపోయాడు. అబద్ధం ఆడలేదు, తక్కెడలో మోసం చేయలేదు, అడిగిన ధర ఇచ్చాడు. పాపమా?

‘నా చదువుకు విలువ లేదా, స్వామీ?’ అని అతడు అడగవచ్చు. ‘పొలంలో నిధి కనుగొన్నవాడు దాన్ని దాచి, తనకున్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడని ప్రభువే చెప్పారు కదా (మత్తయి 13:44)’ అని కూడా అనవచ్చు. గడుసు ప్రశ్నే. కాని ప్రభువు అక్కడ మెచ్చుకొన్నది దైవరాజ్యం కోసం ఉన్నదంతా వదులుకొన్న ఆ మనిషి తెగింపును. అన్యాయపు గృహనిర్వాహకుని ముందుచూపును మెచ్చుకొన్నంత మాత్రాన ఆయన దొంగలెక్కలను మెచ్చుకొన్నట్లు కాదు కదా.

1274లో పరమపదించిన పునీత తోమాసు అక్వినాసుగారు కొనుగోలు అమ్మకాలలో న్యాయం గురించి తన ‘సుమ్మా’ గ్రంథంలో విపులంగా రాశారు. అమ్మేవాడు సరుకులోని లోపాన్ని దాచకూడదని మనకందరికీ తెలుసు. కాని ఆయన కొనేవానిని కూడా వదలలేదు. అమ్మేవాడు తెలియక బంగారాన్ని రాగి అనుకొని అమ్ముతూ ఉంటే, అది బంగారమని తెలిసి కొన్నవాడు అన్యాయంగా కొన్నట్లేనని, తిరిగి ఇచ్చుకోవలసిన బాధ్యత వానిపై ఉన్నదని తేల్చి చెప్పారు. అయితే అదే చోట ఇంకొక మాట కూడా ఉన్నది. గోధుమలు ప్రియంగా ఉన్న ఊరికి ఒక వర్తకుడు బండి తోలుకొని వచ్చాడు. వెనుక ఇంకా బండ్లు వస్తున్నవని వానికి తెలుసు. ఆ సంగతి చెప్పి తీరాలని న్యాయం బలవంతపెట్టదు, చెబితే మాత్రం అది ఇంకా గొప్ప సుగుణం అన్నారు.

ఈ రెంటిలో మన యువకుని సంగతి దేనికి చెందుతుంది? పట్టణంలో నాణేల దుకాణం పెట్టుకొని, బల్ల మీద ధరల పుస్తకం పెట్టుకొని కూర్చున్న వర్తకుని దగ్గర ఒక మంచి అచ్చును మామూలు ధరకు కొంటే నేను పెద్దగా తప్పు పట్టను. సరుకు తెలుసుకోవడం ఆయన వృత్తి. ఆ తల్లి సంగతి వేరు. ఆమె నాణెం అమ్మడం లేదు, వెండి అమ్ముతున్నది. అతడు వెండి కొనడం లేదు, నాణెం కొంటున్నాడు. బంగారాన్ని రాగిగా కొనడం అంటే ఇదేనని నా అభిప్రాయం. అతని చదువుకు విలువ ఉన్నది, నిజమే. ‘అమ్మా, ఇది తూకానికి అమ్మే బిళ్ళ కాదు, నేను అమ్మిపెడతాను, నా కష్టానికి ఇంత ఇవ్వు’ అని అడిగి పుచ్చుకొంటే అది న్యాయమైన కూలి. సామెతల గ్రంథం 20వ అధ్యాయం 14వ వచనంలోని బేరగాణ్ణి చూడండి. సరుకు ముందు నిలబడి బాగాలేదని పెదవి విరుస్తాడు, మలుపు తిరిగాక తన లాభం చెప్పుకొని మురిసిపోతాడు. నందిగామ సంతలో అతణ్ణి చూడనివారు ఎవరు?

ఇటువంటి కొనుగోలు చేసినవారు పాపసంకీర్తనానికి వచ్చినప్పుడు, క్షమాపణతో పాటు ఆ తల్లి గడప కూడా వెదుక్కోవలసి ఉంటుంది. జక్కయ్య మంచి మాటలతో సరిపెట్టలేదు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8).

ఇక రెండవ వైపు. పెట్టెలో పాత రూపాయి ఉన్నంత మాత్రాన లక్షలు వస్తాయని ఆశపడకండి. పాత నాణెం ఫొటో పంపితే లక్షలు ఇస్తామని, ముందుగా రుసుము కట్టమని అడిగే ప్రకటనలు చాలా వస్తున్నవి. అటువంటి కొనుగోళ్ళతో తనకు ఏ సంబంధమూ లేదని, ఎవరూ తన పేరుతో రుసుములు వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. డబ్బు ఇవ్వవలసినవాడు ముందుగా మన దగ్గర డబ్బు ఎందుకు అడుగుతాడు? మన ఇళ్ళలోని రూపాయలలో ఎక్కువ భాగం మామూలువే. తూకానికి అమ్మేటప్పుడు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1940 నుండి కొట్టిన రూపాయిలో వెండి సగమే, 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెలు.

ఇంట్లో వాటాలు పంచుకొనేటప్పుడు అక్కకు రెండు, తమ్మునికి మూడు అని లెక్కపెట్టడానికి ముందే, తెలిసినవారికి అందరి ఎదుట చూపించండి. ఒక్కరే పట్టుకెళ్ళి చూపించి వచ్చి, తరువాత ‘నాకు ఈ అరిగిన బిళ్ళ చాలులే’ అంటే, అది త్యాగం కాదు. చింతపండుతో, ముగ్గుతో తోమకండి. నల్లబడిన వెండి నల్లగానే ఉండనివ్వండి, తోమితే ఆ చిన్న చుక్కలూ, అక్షరాలూ పోతవి, విలువా పోతుంది. పునాది తవ్వేటప్పుడో, దున్నేటప్పుడో కుండలో నాణేలు దొరికితే, పది రూపాయల పైబడిన విలువ ఉన్నదేదైనా కలెక్టరుగారికి తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. రాత్రికి రాత్రే కంసాలి ఇంటికి చేరిన కుండలో ఏ రాజు నాణేలు ఉన్నవో, ఏ అచ్చువో, ఆ తరువాత ఎవరు చెప్పగలరు?