పేదవాని మంచి బట్ట



మన గ్రామ సంఘములలో పండుగ దినములు సమీపించగానే ఒక సణుగుడు వినబడుచుండును. పట్టణమునకు పనికి పోయిన మన పిల్లలు ఇండ్లకు వచ్చు కాలమది. వరంగల్, జనగామ, భువనగిరి వైపులనుండి హైదరాబాదు పోవువారికి ఉప్పల్ చౌరస్తాయే పట్టణపు గుమ్మము. అక్కడ దిగినవారిలో అనేకులు ఇంకను ముందుకు పోరు. ప్రక్కనున్న నాచారం పారిశ్రామిక వాడలో పని చూచుకొని, నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొని నిలిచిపోవుదురు. వారు పండుగకు వచ్చునప్పుడు ఆడపిల్ల ఒంటిమీద కొత్త తీరు కుర్తా, మగపిల్లవాని ఒంటిమీద ఇస్త్రీ మడత చెదరని చొక్కా. దేవాలయపు మెట్లు ఎక్కుచుండగా వెనుకనుండి ఎవరో అందురు: "పట్నం గాలి తగిలింది. తండ్రేమో కూలికి పోతుండె, బిడ్డకు ఈ సోకులు చూడు."

ఈ మాట అనువారు చెడ్డవారు కారు. వారు భయపడుచున్నారు, ఆ భయములో కొంత న్యాయమును కలదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైన తరువాత, "ఆ మిగిలిన ఛార్జీ పైసలన్నీ చీర అంచులకే పోతున్నయి అయ్యగారూ" అని ఒక పెద్దాయన నాతో అనెను. నేను నవ్వితిని గాని ఆయన నవ్వలేదు. గనుక ప్రశ్నను తిన్నగానే అడుగుదము. చాలీచాలని రాబడిగల క్రైస్తవుడు చక్కగా కనబడవలెనని, నేటి తీరుగా కనబడవలెనని కోరుట తప్పా?

తప్పేయని చెప్పువారి చేతిలో వచనములు సిద్ధముగా నున్నవి. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో స్త్రీలు బంగారముతోను ముత్యములతోను మిగుల వెలగల వస్త్రములతోను కాక సత్క్రియలతో అలంకరించుకొనవలెనని బోధించెను. పేతురును ఇట్టి మాటయే చెప్పెను. ఈ వచనములను నేను తేలిక చేయబోను. అయితే ఆ మాట ఎవరితో చెప్పబడినదో చూడుడి. తిమోతి ఎఫెసులో నుండెను. అది సముద్ర వర్తకముతో బలిసిన పట్టణము. ముత్యములు మానుమని ముత్యములు లేనివారికి ఎవడును వ్రాయడు. మూడు వందల రూపాయల కుర్తా తొడిగిన కూలివాని బిడ్డను నిలువబెట్టి ఆ వచనము చదువుట, ఒకరికి వచ్చిన ఉత్తరమును వేరొకరి ఇంటిలో వేసినట్లుండును.

జాన్ వెస్లీ సంగతియు ఇట్టిదే. మెదక్ ప్రాంతపు సంఘములు వెస్లియన్ మిషనెరీల ప్రయాసము వలన పుట్టినవి; 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన అక్కడి మహా దేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. ఆ వెస్లీ గారు 1760లో తన జనులకు దుస్తులను గూర్చి ప్రత్యేకముగా ఒక హితబోధ వ్రాసెను. చౌకయైనది, సాదాయైనది తొడుగుడని చెప్పెను. ఖరీదైన బట్టకు పెట్టిన సొమ్ము, బట్టలేని బీదవానినుండి తీసికొన్నదే యగునని ఆయన వాదము. కష్టించి పనిచేయుట వలన చేతిలో నాలుగు డబ్బులు ఆడుచున్న జనులకు ఆయన ఈ మాట చెప్పెను. అదే వెస్లీ గారు, మురికిగా చిందరవందరగా నుండుట భక్తిలో భాగము కాదనియు గట్టిగా చెప్పెను. మనము మొదటి మాటను జ్ఞాపకముంచుకొని రెండవదానిని మరచితిమి.

మన దేశములో ఈ విషయమునకు ఇంకొక లోతు కలదు. ఇక్కడ బట్ట కొనుటకు డబ్బు లేకపోవుట ఒక సంగతి. డబ్బున్నను కట్టుకొననియ్యకపోవుట వేరొక సంగతి. తిరువాన్కూరు సంస్థానములో నాడార్ స్త్రీలు పై కులముల వారి యెదుట రొమ్ము కప్పుకొనరాదను కట్టడి యుండెను. క్రైస్తవులైన స్త్రీలు రవిక తొడిగి, పై గుడ్డ కప్పుకొని బజారుకు వచ్చినప్పుడు వారి బట్టలు చింపిరి, కొట్టిరి, ప్రార్థన మందిరములు తగులబెట్టిరి. అనేక సంవత్సరముల కలహము తరువాత 1859లో వారు పై భాగము కప్పుకొనవచ్చునని రాజు ప్రకటన చేసెను. అప్పుడును పై కులముల స్త్రీలు కట్టు తీరున మాత్రము కట్టరాదని ఒక మెలిక పెట్టెను. ఆ మెలికను గమనించుడి. మానము కాపాడుకొన్నను ఓర్చెదరు గాని చక్కదనములో సమానమైనయెడల ఓర్వరు. అదే నాడార్ సముదాయములో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడి మన తెలుగు పల్లెలకు కాపరియైరి.

1921 సెప్టెంబరులో గాంధీ గారు మదురలో చొక్కాను టోపీని విడిచి కొల్లాయి గుడ్డ కట్టిరి. 1927 డిసెంబరులో మహాడ్ సభకు వచ్చిన దళిత స్త్రీలతో అంబేద్కర్ గారు, పై కులముల స్త్రీలు కట్టు రీతిగానే చీర కట్టుడని, కులమును చాటు మోటు నగలు తీసివేయుడని, శుభ్రముగా నుండుడని చెప్పిరి. తాము మాత్రము సూటు, టై ధరించి తిరిగిరి. ఈ ఇద్దరిలో ఎవరు భక్తిపరులని అడుగువారు నాకు తటస్థించుచుందురు. ఉన్నవాడు విడుచుట త్యాగము. లేకుండ చేయబడినవానికి విడుచుటకు ఏమున్నది? అతడు తొడుగుకొనుటయే లోకమునకు సమాధానము. మన తాతలు చెప్పులు చేతబట్టుకొని ఊరి నడుమ నడిచినవారు. మనుమరాలు ఇస్త్రీ బట్టతో ఆ వీధిలోనే నడచివచ్చుచుండగా సోకు అని మనమే అనుట నాకు బాధగా నున్నది.

ప్రభువు అడవి పువ్వులను చూపిన చోట మనము సామాన్యముగా చింతపడకుడి యను మాటనే ప్రసంగింతుము. అందులో ఇంకొకటియు కలదు. పువ్వు సొలొమోనుకంటె చక్కగా ముస్తాబైనదని ఆయన మెచ్చుకొనెను. అదియు దేనిని? నేడుండి రేపు పొయ్యిలోకి పోవు గడ్డిని. సృష్టిలో మిక్కిలి చౌకయైనదానికి తండ్రి మిక్కిలి చక్కని బట్ట కట్టెను. సిలువయొద్ద సైనికులు ప్రభువు అంగీని చింపక చీట్లు వేసికొన్న సంగతియు చూడుడి. అది కుట్టులేక పైనుండి క్రిందివరకు నేసినది. చింపుటకు వారికే మనసొప్పలేదు. తల వాల్చుకొనుటకు చోటు లేనివాని ఒంటిమీద మంచి నేత గల అంగీ యుండెను.

ఇక, కొద్ది డబ్బుతో ఇది ఎట్లు సాధ్యము? ఉప్పల్, నాచారం వీధులలో నేను చూచిన ఆడపిల్లలు ఈ విద్యలో ఆరితేరినవారు, వారిని చూచి నేర్చుకొనవలసినది చాల కలదు. వారు దుకాణపు అద్దములోని బొమ్మను చూచుదురు గాని అక్కడ కొనరు. సికిందరాబాదు జనరల్ బజారుకు పోయి తాను చివర మిగిలిన కట్‌పీసు బేరమాడి తెత్తురు. నూలు గుడ్డయైనయెడల ముందు నీళ్లలో నానవేసి ఆరవేసిన తరువాతనే దర్జీకి ఇత్తురు, కుట్టిన పిమ్మట కురచ కాకుండునట్లు. లోపల రెండు అంగుళముల గుడ్డ వదలుమని చెప్పుదురు. ఒళ్లు వచ్చినను, చెల్లెలికి ఇచ్చినను విప్పి కుట్టవచ్చును. అమ్మ చీర నడుమ చినిగినను అంచు చెడలేదు గనుక ఆ అంచు తీసి సాదా చీరకు వేయుదురు, కొంగు రవికయగును. మూడు చీరలకు సరిపడు రంగులో ఒక్క రవిక. ఉతికిన బట్ట తిరగవేసి నీడలో ఆరవేయుట, ఊడిన గుండీ ఆ రాత్రే కుట్టుట. ఇవన్నియు డబ్బు పనులు కావు, శ్రద్ధ పనులు. పాత బట్టలకు స్టీలు గిన్నె ఇచ్చు ఆమె వీధిలోకి వచ్చువరకు ఒక చీర ఎన్ని జన్మలెత్తునో!

చౌకయనగా తక్కువ ధర అని మాత్రమే అనుకొనకుడి. 300 రూపాయల చొక్కా 10 మార్లు తొడుగగానే వెలిసిపోయినయెడల ఒక్కొక్క మారుకు 30 రూపాయలైనది. 900 రూపాయలది 150 మార్లు నిలిచినయెడల 6 రూపాయలే. ఈ లెక్క మన పల్లె స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు గాని మగపిల్లలకు చెప్పవలెను. అదే నాచారంలో నందమూరి తారక రామారావు గారు కట్టించిన రామకృష్ణ స్టూడియో కలదు. తెరమీది రాజుల తళుకు బట్టలు దగ్గరనుండి చూచినవారికి అవి నిలుచుటకు కాక కనబడుటకు కుట్టినవని తెలియును. సినిమాకు అది చాలును. ఆదివారమునకు చాలదు.

పెద్దల భయములో న్యాయమున్నదంటిని. అది అప్పు విషయములో. నేడు ఫోనులో వేలు మోపిన చాలును, బట్ట ఇంటికి వచ్చును, వాయిదాలు తరువాత వచ్చును. వారపు వాయిదా ఎట్లు మెడకు చుట్టుకొనునో మన గ్రామములు ఎఱుగును. సూక్ష్మ రుణముల బాధ భరింపలేక ప్రజలు ప్రాణములు తీసికొనుచుండగా 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. నిర్గమకాండములో, బీదవాని పైబట్ట కుదువ పెట్టుకొన్నవాడు ప్రొద్దు గుంకకముందే తిరిగి ఇచ్చివేయవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. బట్టను అప్పువాని చేతిలో రాత్రి వరకు ఉండనియ్యని దేవుడు, అప్పువాని చేతినుండి బట్ట తెచ్చి పండుగ చేయుమని మనకు చెప్పునా? పాత చీర ఉతికి గంజి పెట్టి కట్టి రండి. అది చాలును.

ఇంకొక భయము పెద్దలకు లేదు గాని ఉండవలసినది. నాచారంలో ఎగుమతి దుస్తులు కుట్టు కర్మాగారములున్నవి. మన బిడ్డలలో కొందరు అక్కడ మిషనుమీద కూర్చుండినవారే. అంత తక్కువకు బట్ట ఎట్లు వచ్చుచున్నదో వారినడిగినయెడల చెప్పుదురు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశములో, ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. అధికులు బట్టలు కుట్టు స్త్రీలు. గోడల బీటలు ముందు దినముననే కనబడినవి, అయినను పనికి పిలిచిరి. మన ఇంటి కథ ఇంకను పాతది. నరసాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పినవారు పంతొమ్మిదవ శతాబ్దపు మిషనెరీలు. కరవు కాలములో కూడు పెట్టిన విద్య అది. అయితే 1982లో మారియా మీస్ గారు ప్రచురించిన గ్రంథములో, ఆ లేసు సముద్రము దాటి పోవుచుండగా అల్లినవారికి మిగిలినది ఎంత కొంచెమో, ఇంటిలో ఊరక కూర్చుండి చేయు పనియని దానిని కూలిలోనే లెక్కింపక పోవుట ఎట్లో వివరముగా నున్నది. దర్జీకి, నేతగానికి బేరము తెగగొట్టి మిగిల్చిన పది రూపాయలను గూర్చి అతిశయపడు మనము దీనిని ఆలోచింపవలెను. దుకాణదారునితో బేరమాడుడి. కుట్టినవానితో ఆడకుడి.

తెలుగు దేశములో కొన్ని సంఘములవారు నగలు మాని తెల్లని బట్టలే ధరింతురు. ఉన్నవాడును లేనివాడును ఒక్కటిగా కనబడవలెనను వారి ఉద్దేశమును నేను గౌరవింతును. అయినను తెలుపులోను తరగతులు పుట్టినవి. పాల నురుగువంటి తెలుపు వేరు, పొలము నీళ్లలో ఉతికి పసుపెక్కిన తెలుపు వేరు. మట్టిలో పనిచేయువానికి తెల్లబట్టయే ఖరీదైనది.

యాకోబు వ్రాసిన మాట ధరించువారికి కాదు, కూర్చుండబెట్టువారికి. బంగారు ఉంగరము వానికి మంచి చోటు, మాసిన బట్టవానికి పాదపీఠమునొద్ద చోటు చూపు సంఘ పెద్దలను ఆయన గద్దించెను. మన దేవాలయములో ముందు చాపమీద కూర్చుండువారెవరు? తలుపు దగ్గర కూర్చుండువారెవరు? క్రిస్మసు నాడు "బట్టలు లేవు అయ్యగారూ" అని ఇంటిలో నిలిచిపోయిన కుటుంబమొకటి ప్రతి పల్లెలోను ఉండును. కొత్త కుర్తా తొడిగి వచ్చిన పిల్లను గూర్చి గంటసేపు మాటలాడిన నోళ్లు ఈ రాని కుటుంబమును గూర్చి ఒక్క మాట ఎత్తవు.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి, ఆమె తమతో నుండగా కుట్టిన అంగీలను వస్త్రములను చూపుచు ఏడ్చిరి. ఒకరి చిరుగుబట్టలు ఒకరికి పంచిపెట్టినది కాదు ఆమె చేసిన మేలు. కూర్చుండి కుట్టెను. కుట్టువాడు కొలత తీయవలెను. కొలత తీయుటకు మనిషి దగ్గరకు పోవలెను. మన స్త్రీల మైత్రి వారికి ఎప్పుడో ఇచ్చిన కుట్టు మిషను అనేక సంఘములలో గుడ్డ కప్పుకొని మూలనున్నది. పట్టణమునుండి వచ్చిన ఆ పిల్లకు కత్తెర పట్టుట వచ్చును, కొత్త తీరు తెలియును, నాలుగు దినములు సెలవున్నది. ఆమెనడిగి, రెండు తానుల మంచి నూలు గుడ్డ తెప్పించి, క్రిస్మసుకు రాకపోయిన ఆ ఇంటికి టేపు తీసికొని పోవుడి. కోత పండుగకు ఇంకను సమయమున్నది.