మెఫీబోషెతు గాడిద

ధ్యానభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము, 16:1–4, 19:24–30



మెఫీబోషెతు సంగతి మనము ఆదివార పాఠశాలలోనే వినియున్నాము. అయిదేండ్ల ప్రాయమున దాది చేతినుండి పడి రెండు కాళ్లు కుంటివైన ఆ యోనాతాను కుమారుని దావీదు పిలిపించి, అతని తాతయైన సౌలు భూమిని మరల అతనికిచ్చి, తన బల్లయొద్దనే భోజనమునకు కూర్చుండబెట్టెను. మన ప్రసంగములు తరచుగా ఇక్కడనే ముగియును. గ్రంథము మాత్రము ఇక్కడ ముగించలేదు.

అబ్షాలోము తిరుగుబాటునాడు దావీదు పారిపోవుచుండగా, సీబా గంతలు కట్టిన రెండు గాడిదలను తోలుకొని ఎదురు వచ్చెను. తన యజమానుడు రాజ్యముమీది ఆశతో యెరూషలేములోనే నిలిచిపోయెనని చెప్పెను. రాజు ఆ ఒక్క మాట విని, మెఫీబోషెతుకు కలిగినదంతయు సీబాదేయని తీర్పిచ్చెను. తిరిగివచ్చిన తరువాతగాని అసలు సంగతి తెలియలేదు. కాళ్లు లేని తాను గాడిదనెక్కి రాజు వెంట రాదలచితిననియు, సిద్ధపరచవలసినవాడే తన్ను మోసగించెననియు మెఫీబోషెతు విన్నవించుకొనెను. గాడిదలు రాజునొద్దకు చేరినవి. వాటి అక్కర గలవాడు చేరలేదు. పోయిన భూమిలో అతనికి మరల వచ్చినది సగమే.

ఈ సంగతి మన నల్లగొండ, పాలమూరు జిల్లాలవారికి దూరమైనది కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతములలో భూగర్భ జలములోని ఫ్లోరైడు తరతరముల యెముకలను వంచినది. పటికతోను సున్నముతోను ఆ విషమును తొలగించు పద్ధతికి నాగపూరు శాస్త్రజ్ఞులు మన నల్లగొండ పేరే పెట్టిరనగా, ఈ బాధ ఎంత ప్రసిద్ధమో ఊహింపవచ్చును. శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామిని 2003లో ఢిల్లీకి తీసికొనిపోయి, ప్రధానమంత్రి వాజపేయిగారి బల్లమీద ఉంచి, ఈ జిల్లా దుఃఖమును కన్నులార చూపించిరి. అటుపిమ్మట కృష్ణానీరు గొట్టములగుండ పల్లెలకు వచ్చెను. మంచినీరు పుట్టబోవు బిడ్డలను కాపాడును గాని, వంగిన యెముకను తిన్నగా చేయదు. 2023 జనవరిలో స్వామి మరణించెను. అతనివంటి అనేకులు ఇంకను మన వీధులలో ఉన్నారు.

అట్టివారికి పింఛను గొప్ప ఆధారము. ఆసరా పథకము 2014 నవంబరు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరులో ప్రారంభమైనది. అంతకుముందు 500 రూపాయలుగా నున్న వికలాంగుల పింఛను 1,500 ఆయెను. 2019లో 3,016, 2023లో 4,016 ఆయెను. ఇందుకు దేవునికి స్తోత్రము చెల్లింపవలెను. అయితే ఆ 2014లోనే పాతవారందరు మరల దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చెను. మొదటి జాబితాలలో పేరు కానక అనేకులు కార్యాలయముల చుట్టు తిరిగిరి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈ పింఛను 6,000 ఆయెను. 2025లో ధ్రువపత్రములను మరల పరీక్షింపగా, పింఛను నిలిపివేయుదుమను నోటీసులు అనేకులకు వచ్చెను. పెంచు చేయియు, తీసివేయు చేయియు ఒక్కటే. మెఫీబోషెతు దానిని ఎరుగును.

పరీక్షించుట తప్పా? తప్పని మనము చెప్పజాలము. కాళ్లు చక్కగానున్నవాడు కుంటివాని పత్రము సంపాదించినయెడల, అది కుంటివాని పళ్లెములోని అన్నము తీసికొనుటయే. దావీదు దోషము విచారణ చేయుటలో లేదు. ఎవని సంగతియో వానినే అడుగక తీర్పు చెప్పుటలో ఉన్నది. నలువది శాతము వైకల్యమున్నదని పత్రము ఉన్నవానికే పింఛను. ఏదోయొక హద్దు ఉండవలసినదే. అయినను రాత్రియంతయు నిద్రపోనియ్యని యెముకల నొప్పి ఎంత శాతమో ఏ పత్రము చెప్పగలదు? అది ప్రక్కింటివారికి తెలియును. తెలిసినవారు నోరు తెరువకపోయిన, పత్రమొక్కటే మాటలాడును.

ఇక గాడిద సంగతి. పాలమూరు పల్లెలలో బలముగల కుమారులు కూలి వెదకుకొనుచు హైదరాబాదునకు, బొంబాయికి, పూనాకు తరతరములుగా వలసపోవుచున్నారు. ఇంట మిగులువారు ముసలివారు, నడువలేనివారు. సీబావలె మోసగించువాడు లేకున్నను గంత కట్టువాడు లేకపోవును. ఫలము ఒక్కటే.

మా సంఘములో ఒక సహోదరుని పింఛను కొన్ని నెలలు ఆగిపోయెను. పరీక్షా శిబిరమునకు రమ్మని పిలుపు వచ్చిన దినమున ఆయనను తీసికొనిపోవువారు లేకపోయిరని తరువాత తెలిసినది. శిబిరమునకు ముందటి ఆదివారమే మేము ఆయన నిమిత్తము మోకాళ్లూని ప్రార్థించి యుంటిమి. అట్లు ప్రార్థించినవారిలో ఇద్దరికి మోటారుసైకిళ్లు, ఒకనికి ఆటో కలవు. మందిరము వెలుపల గంతలు కట్టిన గాడిదలు నిలిచియుండగా, లోపల మేము దేవుని సహాయము అడుగుచుంటిమి. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది.

అది సర్కారు పని గదా, మనకేమని కొందరందురు. రాజు మెఫీబోషెతును జ్ఞాపకము చేసికొనకముందు అతడు ఎక్కడ నుండెను? లోదెబారులో మాకీరు ఇంట నుండెను. రాజు ఆజ్ఞ లేనప్పుడే మాకీరు అతనికి చోటిచ్చెను. అయినను, నా యిల్లు చాలును, భూమి నీకెందుకని మాకీరు అతనిని ఆపలేదు. ఆ భూమి భిక్ష కాదు, అతని పితరుల స్వాస్థ్యము. ఆలాగే పింఛనును దయాధర్మమని చులకన చేయరాదు. పొలములో మరచిన పన పరదేశికిని, తండ్రిలేనివానికిని, విధవరాలికిని చెందవలెనని దేవుడు ధర్మశాస్త్రములోనే విధించెను గాని, యజమానుని మనస్సునకు విడువలేదు. సర్కారు ఇయ్యవలసినది సర్కారే ఇయ్యవలెను. దానిని అందుకొనుటకు పోవు దారిలో తోడు నడచుట మన వంతు.

కావున మన సంఘములో నడువలేనివారు, చూడలేనివారు, వినలేనివారు ఎవరో పేరుపేరున ఎరిగియుందము. వారికి వచ్చిన కాగితమును చదివి చెప్పుదము. శిబిరమునకు వెంట పోదము. అరిగిపోయిన వ్రేళ్లకు ముద్ర పడనినాడు ఆ కిటికీయొద్ద వారి ప్రక్కన నిలుచుందము. వచ్చిన సొమ్ము వారి చేతిలోనే ఉండునట్లు చూతము. కుమారుడైనను అల్లుడైనను అది లాగికొనినయెడల, ఆ యింట సీబా ఉన్నాడని నిర్భయముగా చెప్పుదము. ఎవడు చేసిన పాపమని అడిగిన శిష్యుల ప్రశ్నను ప్రభువు త్రోసివేసెను; మనము దానిని మరల ఎత్తకుందము. మన మందిరపు మెట్లు ఎక్కలేక ఎవరైన ఇంటనే యుండిపోవుచున్నారేమో కూడ చూచుకొందము.

స్వామిని బల్లమీద ఉంచినది దేశము చూచుటకు. మెఫీబోషెతును బల్లయొద్ద కూర్చుండబెట్టినది భుజించుటకు. చూచుట మొదలు మాత్రమే. ప్రభువు సిద్ధపరచిన విందునకు కుంటివారిని గ్రుడ్డివారిని తోడుకొని రమ్మని సేవకునికి ఆజ్ఞ కలదు. పిలిచినంత మాత్రమున ఆ పని తీరదు; తోడుకొని రావలెను.

రాబోవు ఆదివారము మందిరమునకు వచ్చునప్పుడు మన గాడిద ఎవరికొరకు నిలిచియున్నదో ఆలోచించుకొందము. ప్రభువు మనకు ఆ మనస్సు దయచేయును గాక. ఆమేన్.