అంత్యదశలో భాగవత సేవ

శిశువు జన్మించిన ఇంట బంధువులెల్లరు గుమిగూడుదురు. మరణము సమీపించిన వాని గదిలో అడుగిడుటకు మాత్రము జంకుదురు. వ్యాధి నయము కాదని వైద్యుడు తెలిపిన పిమ్మట ‘ఇక చేయవలసినదేమున్నది’ అని నిట్టూర్చుట లోకమున పరిపాటి. సేవకు అసలైన వేళ అదియే యని శ్రీవైష్ణవ సంప్రదాయము బోధించుచున్నది.

అరణ్యకాండలో రెక్కలు తెగి నేలకొరిగిన జటాయువును శ్రీరాముడు చూచెను. బ్రతికించుటకు కాలము మించిపోయినది. అయినను స్వామి ఆతనిని విడిచి సీతాన్వేషణకు సాగిపోలేదు. లక్ష్మణ సమేతుడై, తండ్రి యెడ చూపు ప్రేమతో ఆ పక్షిని చేత నిమిరెను. ప్రాణము పోయిన పిదప లక్ష్మణుని కట్టెలు తెమ్మని, తానే దహనము గావించెను. సోదరులిరువురును గోదావరికేగి ఉదకము విడిచిరి.

యామునాచార్యుల శిష్యులలో మాఱనేరి నంబి యొకరు. వారి కులమును లోకము తక్కువగా ఎంచినది. ఆచార్యుని రాచపుండును ప్రసాదముగా యాచించి తాము స్వీకరించిరని గురుపరంపర చెప్పుచున్నది. అవసానమున తమ దేహమును భాగవతులకే అప్పగింపవలెనని వారు సహాధ్యాయియైన పెరియనంబిని కోరిరి. పెరియనంబి ఆ చరమ కైంకర్యమును స్వయముగా నిర్వర్తించిరి. కొందరు ఆక్షేపింపగా, శ్రీరామానుజులు కారణమడిగిరి. తాను రాముని కంటె అధికుడను కాననియు, నంబి జటాయువు కంటె అల్పుడు కాడనియు వారి సమాధానము.

ఈ ధర్మమే నేడు వైద్యలోకమునను వ్యవస్థగా రూపొందినది. నర్సుగా, ఆసుపత్రి సాంఘిక సేవికగా, తుదకు వైద్యురాలిగా పనిచేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిరి. రోగి బాధ దేహమునకే పరిమితము కాదనియు, మనస్సు, కుటుంబము, ఆత్మ కూడ అందు పాలుపంచుకొనుననియు ఆమె గ్రహించిరి. మన దేశమున 1986లో ముంబయిలో శాంతి అవేద్న సదన్ వెలసినది. 1993లో కాలికట్‌లో ఆరంభమైన సేవాసంఘము క్రమముగా ఇరుగుపొరుగు వారినే సేవకులుగా తీర్చిదిద్దినది.

నాలుగు విధములైన బాధను ఒక్కరు తీర్చజాలరు. వైద్యుడు నొప్పిని అణచును. నర్సు పుండు కడుగును. ఒకరు రాత్రి మేలుకొందురు. వేరొకరు అలసిన ఇల్లాలికి విశ్రాంతి కల్పింతురు. ఇంకొకరు తిరునామము వినిపింతురు. ఇందు ఎక్కువ తక్కువలు లేవు. నొప్పి తగ్గించుట కర్మకు అడ్డుపడుట యని కొందరు శంకింతురు. అది సరికాదు. నొప్పి సడలిననే కదా మనస్సు స్వామిపై నిలుచును!

చివరి క్షణమున తల్లి నారాయణ నామము పలుకలేదని ఏండ్ల తరబడి కుమిలిపోవు కుమారులు కలరు. వారికి వరాహస్వామి భూదేవికి చేసిన ప్రతిజ్ఞయే ఊరట. ఆరోగ్యముగా ఉన్నప్పుడు తన్ను తలచిన భక్తుడు కట్టెవలె, రాతివలె పడియున్న వేళ, తానే ఆతనిని స్మరించి పరమపదమునకు చేర్తునని స్వామి పలికెను. కనుక పలుకుమని రోగిని నిర్బంధింపరాదు. స్మరించు భారము స్వామిది. చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండు భారము మనది.

తిరుమల యాత్రలో అలసిన వృద్ధునికి ముక్కుమొగము తెలియని వారును మెట్లపై చేయూతనిత్తురు. ఆ చేయూతయే తుదిమెట్టు వరకును సాగవలెను. శ్రీనివాసుడు మనకట్టి కరుణను ప్రసాదించుగాక!