ఎర్రకోటు లోపలి మనిషి

2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ కథ మనకు దూరమేం కాదు. 1846లో నరసింహారెడ్డిగారు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సైన్యంతో తలపడింది మన కంభం, గిద్దలూరు దరిదాపుల్లోనే.

తెర మీద ఒక్క వేటుకి ఎర్రకోటు సిపాయిలు అంతెత్తున ఎగిరిపడతారు. మనం ఈల వేస్తాం. వాళ్లకు ముఖం ఉండదు. మార్కాపురం పలక మీద రాత తుడిచినంత తేలిగ్గా తుడిచేస్తారు. కానీ కుంపిణీవారి మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లూ ఉండేవాళ్లు. జీతం కోసం చేరినవాళ్లు.

సరే, చివరికి ఓడింది ఎవరు? రెడ్డిగారి వెంట నడిచిన కట్టుబడి బంట్లు. ఊరికి కాపలా కాసి, మాన్యం మీద బతికినవాళ్లు. కుంపిణీ ఆ మాన్యాలకు ఎసరు పెట్టింది. అందుకే తిరగబడ్డారు. 1847లో కోయిలకుంట్లలో రెడ్డిగారిని ఉరి తీశారు. సినిమాకు అది పతాక సన్నివేశం. బంట్లలో కొందరికి పడ్డది జైలుశిక్ష. వాళ్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో తెరకు పట్టదు. గెలిచే పక్షమైనా, ఓడే పక్షమైనా, మామూలు బంటుకు ముఖం ఉండదు.

ఈసారి టీవీలో ఆ సినిమా వస్తే, కాసేపు హీరోని వదిలేసి వెనక వరసలో ఉన్నవాళ్లను చూడండి.