శక్తికి తగిన సంకల్పం

వరలక్ష్మీ వ్రతమైనా సత్యనారాయణ వ్రతమైనా, ఆచమనం, ప్రాణాయామం కాగానే పురోహితుడు సంకల్పం చెప్పిస్తాడు. అక్షతలు చేతిలో పట్టుకుని, గోత్రం చెప్పే వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడంతోనే చాలామందికి ఆ రెండు నిమిషాలూ గడిచిపోతాయి. కానీ అందులో ఎంత లెక్క ఉందో చూడండి. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి వాయవ్యాన, కృష్ణా గోదావరుల నడుమ అంటూ హైదరాబాదులో మనం కూర్చున్న చోటు చెప్పిస్తారు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్పిస్తారు. సొంతిల్లయితే ఒక మాట, అద్దె ఇల్లయితే మరో మాట. ఆ తర్వాతే పేరు, గోత్రం, కోరిక. చివరికి, ఈ పూజను నా శక్తి కొద్దీ, నాకు దొరికిన ద్రవ్యాలతోనే చేస్తానని ఒప్పుకోవాలి. దేవుడి ముందు కూడా గొప్పలు పోవద్దని పెద్దలు అలా కట్టడి చేశారు.

ఈ ప్రస్తావన ఎందుకంటే, సంకల్పం సరిగ్గా చెప్పుకోవలసిన సందర్భం ఒకటి ఇప్పుడు మన ఇళ్ళలో తరచుగా వస్తోంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లలకు ఎస్సార్ నగర్, మధురానగర్, వెంగళరావు నగర్ హాస్టళ్ళే నివాసాలు. కోర్సయ్యాక ఆఫర్ లెటర్ వస్తుంది. అది రిమోట్ జాబ్ అయితే ఊళ్ళో అమ్మానాన్నలకూ సంబరమే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో అందరూ రాత్రికి రాత్రి ఇంటి నుంచి పనిలోకి దిగారు, సన్నాహానికి వ్యవధే లేకపోయింది. ఇప్పుడు చేరేవారికి జాయినింగ్ తేదీకి ముందు కొన్ని వారాలు చేతిలో ఉంటున్నాయి. ఆ ఉత్సాహంలో జిమ్‌కి ఏడాది ప్యాకేజీ కట్టేస్తారు. తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, గంట యోగా, కృష్ణకాంత్ పార్కులో నడక, సాయంత్రం బరువులు, రాత్రికి ఓట్స్. కాగితం మీద చూడముచ్చటగానే ఉంటుంది. చోటూ వేళా శక్తీ ఏవీ లేని ఆ కాగితాన్ని సంకల్పం అనలేం, కోరికల చిట్టా అనాలి.

అసలు ఈ ఉద్యోగం వల్ల ఒంటికి ఏం తగ్గుతుందో ముందు చూసుకోవాలి. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో వచ్చాక, ఈ ప్రాంతంలో ఎందరో ఉద్యోగులు తెలియకుండానే రోజూ కొంత నడుస్తున్నారు. మధురానగర్ స్టేషన్ దాకా నడక, మెట్లు, దిగాక ఆఫీసు దాకా నడక, మధ్యాహ్నం క్యాంటీన్‌కి, సాయంత్రం టీకి. దీన్ని ఎవరూ వ్యాయామం అనుకోరు. రిమోట్ జాబ్‌లో చేరిన రోజునే ఇదంతా ఆగిపోతుంది, మంచం నుంచి కుర్చీకి నాలుగడుగులే మిగులుతాయి. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన అధ్యయనం లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, కూర్చుని నడిపే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువని ఆయన గమనించాడు. ఇద్దరిదీ అదే బస్సు, అదే దారి. ఇంటి నుంచి పని మొదలుపెట్టడమంటే కండక్టర్ సంచీ అప్పగించి డ్రైవర్ సీట్లో కూర్చోవడమే. కాబట్టి ప్రణాళికలో మొదట చేరాల్సింది ఆగిపోయిన ఆ నడక. డంబెల్స్ సంగతి తర్వాత.

కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో ఈ విషయానికి బాగా పనికొచ్చే ఘట్టం ఉంది. శివుని కోసం పార్వతి తపస్సు చేస్తోంది. రాలిన ఆకులు తినడం కూడా మానేసి అపర్ణ అనిపించుకుంది. బ్రహ్మచారి వేషంలో శివుడే వచ్చి కుశల ప్రశ్నలు వేస్తాడు. అవి వేదాంత ప్రశ్నలు కావు. సమిధలు, దర్భలు దగ్గర్లో దొరుకుతున్నాయా? స్నానానికి నీళ్ళు అనువుగా ఉన్నాయా? నీ శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా? ఇలా అడిగి, ధర్మసాధనాలన్నిటిలోనూ శరీరమే మొదటిది కదా అని కారణం చెబుతాడు. యోగా కేంద్రాల బోర్డుల మీద మనకు కనిపించేది ఆ కారణం ఒక్కటే. ముందడిగిన ప్రశ్నలను బోర్డు మీద రాయించినవారు నాకింతవరకు తగల్లేదు. నిజానికి సాధకుణ్ణి నిలబెట్టేవి ఆ ప్రశ్నలే. సమిధలు దగ్గర్లో ఉన్నాయా అంటే మన భాషలో, చాప పరుచుకునేంత చోటు గదిలో ఉందా, పార్కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉందా అని. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే హాస్టల్ గదిలో సూర్యనమస్కారాలకు చోటు చాలదు, డాబా మీదికి వెళ్ళాలి. డాబాకు తాళం వేస్తారా, ఎప్పుడు తీస్తారు అనేది కూడా సంకల్పంలో భాగమే.

శక్తి కొద్దీ అంటే ఎంత? దీనికి కొలత చెప్పినవాడు ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడు. వ్యాయామం ఎవరైనా తమ బలంలో సగం మేరకే చేయాలన్నాడు. సగం అయిందని తెలియడానికి గుర్తు కూడా ఇచ్చాడు: ముక్కుతో సాగే ఊపిరి నోటికి వచ్చిందంటే అక్కడ ఆపాలి. వాగ్భటుడు ఇంకాస్త ముందుకెళ్ళి, చలికాలంలోనూ వసంతంలోనూ బలవంతులకు ఆ సగం, మిగతా ఋతువుల్లో అంతకంటే తక్కువ అన్నాడు. నేటి వైద్యులు మధ్యస్థ వ్యాయామానికి చెప్పే గుర్తు కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. మొదటి రోజే పన్నెండు సూర్యనమస్కారాలు చేసి మర్నాడు మెట్లు దిగలేక మూలిగేవారికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. రెండు మూడుతో మొదలుపెట్టినా సూర్యుడికి కోపం రాదు.

ఈ కాలనీలకు కూతవేటు దూరంలోనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఉండడం ఒక చిక్కు. 2007లో దేశముదురులో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపించాక కుర్రకారుకు ఆదర్శ దేహం కొలతలు మారిపోయాయి. హీరోకు ఆ దేహం వృత్తిలో భాగం. దానికి శిక్షకుడుంటాడు, వంటమనిషి ఉంటాడు, షూటింగ్ తేదీల ప్రకారం నడిచే దినచర్య ఉంటుంది. అది ఆయన స్వధర్మం. రోజుకు తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు అదే దినచర్య నెత్తికెత్తుకుంటే, గీత మూడో అధ్యాయం హెచ్చరించిన పరధర్మమవుతుంది. ఆ అధ్యాయంలోనే కృష్ణుడు, పని చేయకుండా కూర్చుంటే శరీరయాత్ర కూడా సాగదని అర్జునుడికి చెప్పాడు. రెండు మాటలూ కలిపి చదువుకోవాలి.

ఇక వేళ. అమెరికా ప్రాజెక్టులో చేరితే సాయంత్రం మొదలైన కాల్స్ అర్ధరాత్రి దాటాక గానీ ముగియవు. అలాంటివారిని బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని పోరేవాళ్ళు ఇంట్లో ఒకరైనా ఉంటారు. వారి భక్తికి దండం పెడతాను గానీ ఆ సలహాను ఒప్పుకోలేను. గీత ఆరో అధ్యాయంలో అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, మేలుకునే ఉండేవాడికీ యోగం కుదరదని స్పష్టంగా ఉంది. పదిహేడో అధ్యాయంలో, దంభంతో ఒంటిని శోషింపజేసేవారు లోపలున్న నన్ను కూడా బాధపెడుతున్నారని కృష్ణుడు అంటాడు. రాత్రి రెండింటికి లాగౌట్ చేసి నాలుగింటికి అలారం పెట్టుకోవడం తపస్సు కాదు. తొమ్మిదింటికి లేచి, ఎండ ముదరకముందే అరగంట నడిస్తే అది వారి ప్రాతఃకాలం.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది మరొకటి. మన కర్మల్లో కామ్యం వేరు, నిత్యం వేరు. కామ్యవ్రతానికి ఉద్యాపన ఉంటుంది, కోరిక తీరాక ముగించేయవచ్చు. పది కిలోలు తగ్గాలని మొదలుపెట్టిన వ్యాయామం ఆ జాతిది. ముల్లు ఆ అంకె మీదికి రాగానే ఉద్యాపన, తర్వాత బిర్యానీ. సంధ్యావందనం నిత్యం, దానికి ఉద్యాపన లేదు. అందుకే శాస్త్రం వీలుకాని రోజు గురించి ముందే ఆలోచించింది. వేళ దాటితే ప్రాయశ్చిత్తంగా మరో అర్ఘ్యం ఇచ్చి కొనసాగించమంది. ఆశౌచంలో మనసులోనే, అర్ఘ్యం వరకే చేసుకోమంది. నిన్న తప్పింది కాబట్టి ఇక మానేయమని ఎక్కడా అనలేదు. ఈ ధర్మంలో కొంచెం చేసినా వృథా పోదని గీత రెండో అధ్యాయం ధైర్యం చెబుతుంది. మనవాళ్ళ వ్యాయామ ప్రణాళికల్లో లేనిది ఈ ఏర్పాటే. ప్రాజెక్టు రిలీజ్ ఉన్న రోజు, జ్వరం తగిలిన రోజు, ఊరెళ్ళిన రోజు ఏం చేయాలో ముందే రాసుకోవాలి. పది నిమిషాల నడక, లేదా రెండుసార్లు మెట్లెక్కి దిగడం. ఆ రోజుకు అంతే, మరేమీ బాకీ లేదు.

మంచి రోజుల లెక్క చిన్నదే. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థంగా శ్రమించాలని, కండరాల వ్యాయామం రెండు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో ఐదు రోజులు అరగంట నడిస్తే తొలి అంకె చేరినట్టే. కూర్చునే సమయాన్ని తగ్గించమని కూడా చెప్పింది. దీనికి ఇంట్లోవాళ్ళు చేసే సాయం తక్కువేం కాదు. ఇంట్లోనే ఉన్నావుగా, కొత్తిమీర తీసుకురారా అంటే విసుక్కోకండి, ఆ కిందికి దిగడం కూడా లెక్కలోకి వస్తుంది.

కొత్త కుర్చీ, రెండో మానిటర్ ఆర్డరు పెట్టే ముందు, పని వేళలేమిటో కంపెనీని అడిగి తెలుసుకోండి. జాయినింగ్‌కి ముందు ఒక వారం ఆ వేళలకే లేచి, ఆ వేళలకే తిని, మధ్యలో నడిచి చూడండి. ఏడు రోజుల్లో ఎన్ని రోజులు కుదిరిందో దాన్నిబట్టే సంకల్పం చెప్పుకోండి. బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులున్నవారు డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాకే మొదలుపెట్టండి. జిమ్ ప్యాకేజీ కట్టాలని అంతగా ఉంటే, మొదటి జీతం వచ్చాక ఒక్క నెలకే కట్టండి.