గ్రహణ వేళ ఏది భయం? ఏది భక్తి?

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) వారి పసికుమారుడు ఇబ్రాహీం కన్నుమూశాడు. అదే రోజు మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ పోయినందుకే సూర్యుడు చీకటయ్యాడని జనం చెప్పుకోసాగారు. శోకంలో ఉన్న తండ్రికి ఊరటనిచ్చే మాట అది. ఆయన ఘనతను పెంచే మాట కూడా. అయినా ఆయన (స) దాన్ని నిలవనీయలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. నమాజు, దుఆ, దానధర్మాల వైపు ప్రజలను మరల్చారు.

సూర్యుని వ్యాసం చంద్రుని వ్యాసానికి సుమారు 400 రెట్లు. మన నుండి సూర్యుని దూరమూ చంద్రుని దూరానికి దాదాపు 400 రెట్లే. అందుకే చిన్న చంద్రుడు అంతటి సూర్యుణ్ణి కప్పివేయగలుగుతున్నాడు. గ్రహణ ఘడియలను నేడు ఎంతో ముందుగానే లెక్కగట్టవచ్చు. మరి కారణం తెలిశాక ఇక భక్తి దేనికని కొందరు అడుగుతారు. లెక్క తెలిస్తే అపశకునపు భయం పోవాలి. ఆ లెక్కను నియమించిన ప్రభువు పట్ల వినమ్రత పోకూడదు. ఈ రెండూ వేరు వేరు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించారు. ఎందరో మాత్రం తలుపులు బిగించుకుని కూర్చున్నారు. నేటికీ గ్రహణం పేరిట గర్భిణులను కదలనివ్వని ఇళ్లున్నాయి. వండిన అన్నం పారబోసే ఇళ్లున్నాయి. అల్లాహ్ ప్రసాదించిన ఆహారాన్ని లేని కీడుకు వెరచి పారవేయడం భక్తి ఎలా అవుతుంది?

అయితే మూఢనమ్మకాన్ని వదలడమంటే జాగ్రత్తను వదలడం కాదు. కన్ను మనకు అప్పగించబడిన అమానతు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటిలోని రెటీనా దెబ్బతింటుంది. నొప్పి తెలియదు కనుక హాని జరిగిన సంగతి వెంటనే తెలియదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజు, మామూలు చలువ కళ్లద్దాలు రక్షణ కావు. ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణం గల గ్రహణ కళ్లద్దాలు వాడాలి. లేదా అట్టకు సన్నని రంధ్రం చేసి, సూర్యుని వైపు వీపు పెట్టి, కాగితంపై పడే బింబాన్ని చూడాలి. సూర్యబింబం పూర్తిగా మరుగైన ఆ కాసేపే వట్టి కళ్లతో చూడవచ్చు. వెలుగు మొలక కనబడగానే కళ్లద్దాలు తప్పనిసరి.

2027 ఆగస్టు 2న సంపూర్ణ గ్రహణ ఛాయ జిద్దా, మక్కా నగరాల మీదుగా సాగుతుంది. అక్కడున్న మన తెలుగు సోదరులకు పట్టపగలే చీకటి కమ్మే ఆ ఘడియ కంటబడవచ్చు. వారు దాన్ని జాగ్రత్తగా చూడాలి, నమాజులో నిలబడాలి. చూపూ సజ్దా ఒకదానికొకటి అడ్డు కావు.