బాండు, బంధము, కట్టు

ఇంగ్లీషులో 'బాండు' అన్నది చిన్న మాట. మన పిల్లలు దానిని తరచుగా వింటూనే ఉంటారు. ఇల్లు కొనడానికి బ్యాంకు ఇచ్చే అప్పును ఈ దక్షిణాఫ్రికాలో బాండు అంటాము. ఏళ్ల తరబడి నెలనెలా దానిని కడుతూ ఉంటాము. ప్రభుత్వం ప్రజల వద్ద సొమ్ము తీసుకొని, ఇంత గడువుకు ఇంత వడ్డీతో తిరిగి ఇస్తానని వ్రాసి ఇచ్చే పత్రమూ బాండే. రసాయనశాస్త్రంలో రెండు పరమాణువులను కలిపి ఉంచేది బాండు. తాపీపనిలో ఇటుకల పేర్పుకు అదే పేరు. తల్లీబిడ్డల అనుబంధానికీ అదే మాట. ఈ ఒక్క మాటను మేము మా సాయంకాలపు తెలుగు తరగతిలో పాఠంగా తీసుకున్నాము. పాఠం మాటతో మొదలై, చివరకు ఒక ధర్మసందేహం దగ్గరకు వచ్చింది: ఏ బంధం మనిషిని నిలబెడుతుంది? ఏ బంధం మనిషిని అణగదొక్కుతుంది?

ముందుగా ఈ మాట మనకు పరాయిది కాదని చెప్పాలి. ఇంగ్లీషు 'బాండు'కు, సంస్కృత 'బంధ' ధాతువుకు మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ ధాతువు నుండే మనకు బంధనమూ వచ్చింది, బంధువూ వచ్చాడు. వేదాంతంలో బంధం మోక్షానికి ఎదురుమాట. పెళ్లి పందిట్లో బంధువు ముందుగా పిలువదగినవాడు. రామాయణంలో సముద్రం మీద వారధి నిర్మించడం సేతుబంధనం. సంకెలకూ, చుట్టానికీ, వంతెనకూ ఒకే ధాతువు!

అచ్చతెలుగు మాట 'కట్టు' కూడా ఇంతే. ఇల్లు కడతాము, చీర కడతాము, పన్ను కడతాము, తాళి కడతాము, గాయానికి కట్టు కడతాము. ఇచ్చిన మాటకు కట్టుబడి ఉంటాము. కట్టుబానిస అన్న మాటలో ఉన్నదీ ఆ కట్టే. కాబట్టి కట్టడం అనే పని తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరు కట్టారు, దేనికి కట్టారు అన్నది చూడాలి.

ఒక్కొక్క రంగంలో ఈ బంధం ఎట్లా పనిచేస్తుందో గమనిద్దాము. కొన్ని పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ల జంటను పంచుకొని కలిసి ఉంటాయి; ఆ జంట ఏ ఒక్కదాని సొత్తూ కాదు. గోడలో పై వరుస ఇటుక క్రింది వరుసలోని రెండు ఇటుకల అతుకు మీద కూర్చుంటుంది. అందువల్ల బరువు పంచబడుతుంది, గోడ నిలువునా చీలదు. ఇంటి బాండులో అప్పు తీరిన నాడు ఇంటి మీద బ్యాంకుకు హక్కు ఉండదు. ఈ మూడింటిలోనూ ముడికి రెండు కొనలున్నాయి, రెండు కొనలకూ బాధ్యత ఉంది.

ఇప్పుడు మన పూర్వీకుల బంధాన్ని చూద్దాము. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బను రేవుకు చేరింది. 1911 వరకు అట్లా ఓడలు వస్తూనే ఉన్నాయి. విశాఖపట్నం, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు వాటిలో ఎందరో. ఒప్పందపు గడువు సాధారణంగా 5 ఏళ్లు. మొదటి ఏడు జీతం నెలకు 10 షిల్లింగులు. కాగితం మీద అది ఇరుపక్షాల ఒప్పందమే. కాని చదువు రాని మనిషికి ఆ కాగితంలో ఏమున్నదో ఎంత తెలుసు? పని మానితే కూలివానికి జైలు. తోట దాటి వెళ్లాలంటే వ్రాతపూర్వకమైన అనుమతి కావాలి. ముడి ఒక కొననే బిగించింది.

గడువు తీరినా ముడి విప్పలేదు. 1895 నాటి నాటాలు చట్టం ప్రకారం, భారతదేశానికి తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందంలోనూ చేరకుండా స్వేచ్ఛగా ఉండదలచినవారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏటి లెక్కన ఆరు నెలల జీతం! 1913లో వేలాది కార్మికులు గనులలో, చెరకు తోటలలో పని ఆపివేశారు. గాంధీగారి నాయకత్వంలో సాగిన ఆ పోరాటం తరువాత 1914లో ఆ పన్ను రద్దయింది.

దీనిని బట్టి మాకు మూడు ప్రశ్నలు తోస్తున్నవి. బంధంలోకి వచ్చేవానికి అది ఏమిటో తెలుసా? ముడి రెండు కొనలనూ పట్టి ఉంచుతున్నదా? బయటికి దారి ఉన్నదా? ఈ మూడింటికీ 'లేదు' అన్నది జవాబైతే, అది ఎంత చక్కని కాగితం మీద ఉన్నా బానిసత్వానికి దగ్గరి చుట్టమే.

అయితే ఈ ప్రశ్నలు మన మీదికీ తిరుగుతాయి. "తెలుగు నేర్చుకోవాలని మమ్మల్ని ఎవరడిగారు? ఇదీ ఒక బాండేనా?" అని పిల్లలు అడుగుతారు. అది తప్పు ప్రశ్న కాదు. ఏ బిడ్డా తన భాషను, తన పేరును, తన తాతముత్తాతలను ఎంచుకొని పుట్టదు. పుట్టుకతో వచ్చే బంధాలకు ముందుగా సమ్మతి అడగడం కుదరదు. కాని ఆ మూడు ప్రశ్నలకు పెద్దలు జవాబు చెప్పవచ్చు. ఎందుకు నేర్పుతున్నామో పిల్లలకు వివరించాలి. వారిని కట్టిన ముడికి మనమూ కట్టుబడాలి. ఇంట్లో తెలుగు పలుకని తల్లిదండ్రులు తరగతిలో పిల్లలను పలకమనడం ఒక కొననే బిగించడమవుతుంది. ఎదిగిన తరువాత ఆ భాషను ఎంతవరకు ఉంచుకోవాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ వారికి ఉండాలి.

అట్లా వదిలితే భాష నిలుస్తుందా అని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయంలో న్యాయం ఉంది. అయితే నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధం ఒక్కొక్కటిగా చూస్తే బలహీనమైనది; అటువంటివి అసంఖ్యాకంగా ఉండబట్టే నీరు ఆవిరైపోకుండా నీరుగా నిలుస్తున్నది. అమ్మమ్మను అమ్మమ్మా అని పిలవడం, పండుగనాడు నాలుగు మాటలు కలిసి చదవడం, వంటింట్లో చింతపండును చింతపండు అనడం కూడా అటువంటి చిన్న బంధాలే. బలవంతపు పెద్దముడి కన్నా వీటినే మేము ఎక్కువగా నమ్ముతున్నాము.